ఆ రొట్టె తట్టిందెవరు?

మాన్విలో జగన్నాథదాసుల గుడికి ఏటా భాద్రపద శుద్ధ నవమికి జనం బాగా వస్తారు. దాసులవారు అక్కడి స్తంభంలోనే ఉన్నారని నమ్మకం. ప్రదక్షిణలయ్యాక ఏ స్తంభం నీడనో కూర్చుని పెద్దవాళ్ళు పిల్లలకు ఆయన కడుపునొప్పి కథ చెబుతుంటారు. రాయచూరు జిల్లాలో ఆ కథ తెలియని ఇల్లు తక్కువ. తుంగభద్ర ఎడమ కాలువ వచ్చాక కోస్తా నుంచి తరలివచ్చి సింధనూరు చుట్టుపక్కల క్యాంపుల్లో స్థిరపడ్డ మావాళ్ళకూ అది సొంత కథే అయిపోయింది.

అప్పటికి ఆయన శ్రీనివాసాచార్యులు. సంస్కృతంలో ఉద్దండుడు. చీకలపర్వి విజయదాసులు మాన్వికి వచ్చి భోజనానికి పిలిచారు. కన్నడంలో పాటలు పాడుకుంటూ తిరిగే దాసుల పంక్తిలో కూర్చోవడం పండితుడికి నామోషీ అనిపించింది. కడుపులో బాగాలేదని కబురు పంపాడు. నోటితో అన్నదే నిజమై కూర్చుంది. ఏం తిన్నా ఇమడదు, ఏ మందూ పనిచేయదు. మంత్రాలయం వెళ్ళి రాఘవేంద్రస్వామిని సేవిస్తే, విజయదాసుల దగ్గరికే పొమ్మని ఆదేశం. విజయదాసులు ఆయన్ని తన శిష్యుడు గోపాలదాసుల దగ్గరికి పంపారు. గోపాలదాసులది దేవదుర్గ వైపు మొసరకల్లు. తపస్సు చేసుకున్నది మాత్రం ఇప్పటి గద్వాల జిల్లా ఉత్తనూరులో. ఆయన తన ఆయుష్షులోంచి 40 ఏళ్ళు ధారపోసి, ధన్వంతరిని తలచి జొన్నరొట్టె పెట్టారని, దాంతో ఆ నొప్పి పోయిందని చెబుతారు.

అలా బతికి బట్టకట్టిన మనిషే తర్వాత జగన్నాథదాసులై, తాను చిన్నచూపు చూసిన కన్నడంలోనే ‘హరికథామృతసారం’ రాశారు. భామినీ షట్పదిలో 32 సంధులు. అందులో ఒకటి పూర్తిగా భోజనం మీదే: భోజన రసవిభాగ సంధి. విస్తట్లో వడ్డించిన ఏ పదార్థంలో ఏ దేవత ఉన్నదీ, ఆ దేవతలో హరి ఏ రూపంతో ఉన్నదీ వరసపెట్టి చెబుతారు. ఒకనాడు కాదన్న విస్తరి ముందు తిరిగి కూర్చుని చేసిన నమస్కారంలా ఉంటుంది నాకది. పండితులు ఒప్పుకోకపోవచ్చు.

కథ విన్న ప్రతిసారీ నాకు మిగిలే సందేహం ఒక్కటే. ఆ రొట్టె తట్టిందెవరు? విజయదాసుల తల్లి కూసమ్మ పేరు, భార్య అరళమ్మ పేరు దాససంప్రదాయం దాచిపెట్టుకుంది. ఆ రొట్టె చేసిన చేతుల పేరు మాత్రం నేను విన్న ఏ కథలోనూ లేదు.

జొన్నరొట్టె అంటే తేలిక పని కాదు. పిండి పాతబడితే జిగి పోతుంది. కాగే నీళ్ళు పోసి, చెయ్యి కాలుతుండగానే పిసకాలి. ముద్దను పీట మీద పెట్టి, పొడిపిండి చల్లి, రెండు చేతులతో తడుతూ తిప్పాలి. అంచు పగిలిందంటే పెనం మీదికి వెళ్ళేలోపే విరుగుతుంది. పెనం మీద వేశాక పైన తడిచెయ్యి రాసి, ఆరీ ఆరకముందే తిరగెయ్యాలి. మా అమ్మ కోడలిగా క్యాంపుకు వచ్చినప్పుడు ఆమెకు వరి అన్నం వండడమే తెలుసు. పక్కింటి కన్నడం అవ్వ చెయ్యి పట్టుకుని నేర్పింది. పుండిపల్యె అంటే తన గోంగూరే అని తెలిసిన రోజు అమ్మ ఎంత నవ్విందో ఇప్పటికీ చెబుతుంది.

కాలేజీ రోజుల్లో ఒక సాయంత్రం బజారులో మిర్చి, మండక్కి దండిగా లాగించి ఇంటికొచ్చాను. అమ్మ పొయ్యి దగ్గర కూర్చుని ఉంది. ‘కడుపులో బాలేదమ్మా, వద్దు’ అన్నాను. ఆవిడ లేచి వాము నలిపి కషాయం కాచింది. గ్లాసెడు చేదు గుటకలు వేస్తూ తాగాను, అబద్ధం ఆడిన పాపానికి. పొద్దున్న చూస్తే రాత్రి నా కోసం చేసిన రొట్టెలు అమ్మ కంచంలో ఉన్నాయి. కటకటలాడేలా ఎండిపోయి. విరుచుకుని పెరుగులో నానబెట్టుకుని తింటోంది. నాకు ఏ నొప్పీ రాలేదు. అందుకే బుద్ధి రావడానికి చాలా ఏళ్ళు పట్టింది.

మన ఇళ్ళలో అమ్మకు ‘ధన్యవాదాలు’ అని ఎవరూ చెప్పరు. చెబితే ఆవిడే ఒంట్లో బాగుందా అని నుదురు పట్టుకు చూస్తుంది. ఆ మాట సభలకే గానీ వంటింటికి నప్పదు. కృతజ్ఞత అన్న మాటలో చెప్పడం అసలు లేదు, ఎరగడమే ఉంది: చేసింది ఎరిగినవాడు కృతజ్ఞుడు. రామాయణం మొదట్లో ఇన్ని గుణాలున్న మనిషి ఎవరని వాల్మీకి నారదుణ్ణి అడిగిన జాబితాలో ఇదీ ఒకటి.

ఎరగడం దగ్గరే మనకు తేడా వస్తోంది. మనుస్మృతి గృహస్థు ఇంట్లో తెలియకుండా హింస జరిగే చోట్లు అయిదు చెప్పింది: పొయ్యి, సన్నికల్లు, చీపురు, రోలు, నీళ్ళకుండ. ఆ పాపం పోవడానికి పంచమహాయజ్ఞాలు. బాగుంది. కానీ ఆ అయిదింటి దగ్గరా రోజంతా వంగి ఉండేది ఇల్లాలు. యజ్ఞం చేసి పుణ్యం కట్టుకునేది యజమాని. ఇలాంటి శీర్షికల్లో కూడా, నేను రాసినవాటితో సహా, ఉన్నదానికి సంతోషించమని గృహిణులకే బోధ చేస్తుంటాం. పెట్టేవాళ్ళకు పాఠం చెప్పి, తినేవాళ్ళను వదిలేస్తాం. ‘అన్నదాతా సుఖీభవ’ అని లేచేటప్పుడు మన కళ్ళు ఎవరి వైపు తిరుగుతాయి? సాధారణంగా వరండాలో కూర్చున్న ఇంటాయన వైపు.

ఈ జిల్లా రైతు ఈ విషయంలో నయం. ఎళ్ళమావాస్యకు రొట్టెలు, కడుబులు, కాయగూరల భజ్జి బుట్టకెత్తుకుని ఇంటిల్లిపాదీ చేనికి వెళతారు. చరగ చల్లుతారు. అంటే తాము తినకముందే ఆ వంటను చేను నాలుగు దిక్కులా నేలకు వడ్డిస్తారు. పెట్టిన తల్లి ఎవరో, ముందు ఎవరికి పెట్టాలో అక్కడ ఎవరూ తికమకపడరు. 2024 ఆగస్టులో తుంగభద్ర డ్యాం 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు మా క్యాంపుల్లో అన్నం సహించలేదు చాలామందికి. వారం తిరక్కుండా స్టాప్‌లాగ్ దింపి నీళ్ళు ఆపారన్న వార్త వచ్చిన రాత్రి, పొయ్యి మీద ఎసరు పెడుతూ అమ్మ ఆ గిన్నెకు దణ్ణం పెట్టింది. నీళ్ళకు పెట్టిందో, నీళ్ళు నిలబెట్టినవాళ్ళకు పెట్టిందో అడగలేదు.

మొన్న సెలవుకు వెళ్ళినప్పుడు పీట నేను లాక్కున్నాను. ‘మగపిల్లాడివి, నీకెందుకురా’ అంటూనే పక్కన కూర్చుంది. మొదటిది అంచు పగిలి పెనం మీదే రెండు ముక్కలైంది. రెండోది గుండ్రంగా రాలేదు గానీ నిలిచింది. విరిగినది ఎప్పుడూ అమ్మ కంచంలోకే పోతుంది మా ఇంట్లో. అలవాటుగా చెయ్యి చాపింది. నేను ఇవ్వలేదు.