సరుకు, సంకేతం: ఒక సంవాదం

వెతికినవారికి ఏ పేజీ ముందు కనబడాలో, ఏది వెనక పడాలో సెర్చ్ ఇంజన్ నిర్ణయిస్తుంది. ఆ వరసలో పైకి రావడానికి చేసే పనులన్నిటినీ కలిపి ఎస్‌ఈఓ అంటారు. పేజీని శుభ్రంగా సర్దిపెట్టడం మొదలుకొని యంత్రం కళ్లు కప్పడం దాకా అన్నీ ఆ పేరు కిందికే వస్తాయి. రాసేవారు తమ శ్రమను రాత మీద పెట్టాలా, ఈ ఉపాయాల మీద పెట్టాలా అన్నది ఇక్కడి ప్రశ్న. దీన్ని పాత శాస్త్రగ్రంథాల పద్ధతిలో, ఉపాయాల వైపు వాదించే పూర్వపక్షానికీ రాత వైపు నిలిచే సిద్ధాంతపక్షానికీ మధ్య సంవాదంగా నడపడం మేలు. పూర్వపక్షానికి ఉన్న బలం తక్కువేమీ కాదు. దాన్ని వినకుండానే కొట్టిపారేసిన వ్యాసాలు చాలానే వచ్చాయి.

పూర్వపక్షం ఇలా మొదలుపెడుతుంది: “ఎంత మంచి రాతైనా కనబడకపోతే లేనట్టే. తెలుగువాళ్లకు ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. తెలుగు లిపి 1991లో యూనికోడ్ మొదటి కూర్పులోనే చేరింది. అయినా మన దినపత్రికల వెబ్ సంచికలు ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు సొంత ఫాంట్లలో వచ్చాయి. తెర మీద తెలుగే కనిపించేది గానీ, లోపల ఉన్నది రోమన్ అక్షరాల, గుర్తుల గజిబిజి. సెర్చ్ ఇంజన్‌కు అందులో ఒక్క తెలుగు మాటా దొరికేది కాదు. ఆ సంపాదకీయాలూ సాహిత్య పేజీలూ నాణ్యత లేకే మరుగున పడ్డాయంటారా?”

సిద్ధాంతపక్షం దీన్ని కాదనదు, ఒప్పుకుంటూనే ఒక గీత గీస్తుంది. “యూనికోడ్‌లోకి మారడం, శీర్షికలో విషయం పేరు పెట్టడం, బొమ్మ కింద అదేమిటో రాయడం, ఫోన్లో పేజీ త్వరగా తెరుచుకునేలా చూడటం, ఇవన్నీ చదివేవారికీ పనికొచ్చేవే. సెర్చ్ ఇంజన్లు అసలు లేకపోయినా ఈ పని చేస్తామా అని అడిగితే చేస్తామనే జవాబు వస్తుంది. గూగుల్ తన మార్గదర్శకాల్లో వెబ్‌సైట్ల నిర్వాహకులకు పెట్టిన పరీక్షల్లో ఇదీ ఒకటి. తెల్లటి పేజీ మీద తెల్లటి అక్షరాలతో ఒకే మాటను వందసార్లు దాచిపెట్టేవాళ్లు ఆ ప్రశ్నకు అవునని చెప్పలేరు. నా అభ్యంతరం ఈ రెండో రకం మీదే.”

ఆ రెండో రకం ఎలా పుట్టిందో తెలియాలంటే యంత్రం ఏం చూస్తుందో తెలియాలి. రాతలోని మంచిచెడ్డలు దానికి నేరుగా అందవు. వాటికి గుర్తులుగా పనికొచ్చే వేరే సంగతులను అది లెక్కపెడుతుంది. 1990ల నడుమ వచ్చిన సెర్చ్ ఇంజన్లు ఎక్కువగా పేజీలోని మాటల మీద ఆధారపడేవి. వెతికిన మాట ఎన్నిసార్లు వచ్చింది, శీర్షికలో ఉందా, పేజీ యజమాని దాన్ని కీవర్డుగా ప్రకటించాడా అని చూసేవి. ఇవన్నీ యజమాని చేతిలో ఉన్నవే కాబట్టి వాటిని పాడుచేయడానికి ఎంతో కాలం పట్టలేదు. 1998లో స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు లారీ పేజ్, సెర్గీ బ్రిన్ తమ గూగుల్ పరిశోధన పత్రంలో ఈ సంగతి ఎత్తిచూపారు: చదువరికి కనబడని ఏ సమాచారాన్నయినా ఇంజన్‌ను మోసగించడానికి వాడుకుంటున్నారని. వాళ్ల జవాబు పేజ్‌ర్యాంక్. ఒక పేజీకి వేరే పేజీల నుంచి వచ్చే లింకులను సాక్ష్యంగా తీసుకుని, సాక్షి ఎంత పెద్దవాడో కూడా లెక్కగట్టే పద్ధతి అది. శాస్త్ర పత్రాల విలువను వాటిని ఉటంకించిన పత్రాలను బట్టి అంచనా వేసే పద్ధతి అప్పటికే ఉంది. యూజీన్ గార్‌ఫీల్డ్ 1960లలో తెచ్చిన సైన్స్ సైటేషన్ ఇండెక్స్ దానికి ఆధారం. తన గురించి తాను చెప్పుకున్నదానికన్నా ఇతరులు చెప్పినదానికి విలువ ఇవ్వడమే ఇందులోని కీలకం.

సాక్షులనూ కొనవచ్చని త్వరలోనే తేలింది. 2003లో కొందరు కూడబలుక్కుని ‘ఘోర వైఫల్యం’ అనే అర్థం వచ్చే ఇంగ్లిష్ మాటలతో అమెరికా అధ్యక్షుడు జార్జ్ బుష్ జీవిత విశేషాల పేజీకి లింకులు పెట్టారు. పేజీలో ఆ మాటలు లేకపోయినా, వాటి కోసం వెతికితే గూగుల్‌లో మొదట అదే వచ్చేది. 2007 జనవరిలో గానీ గూగుల్ దాన్ని సరిచేయలేదు. అది వేళాకోళం, మిగతావి వ్యాపారం. 2006లో బీఎండబ్ల్యూ జర్మనీ సైటు యంత్రానికి ‘పాత కార్లు’ అనే మాట నింపిన పేజీలను చూపుతూ, మనుషులను వేరే పేజీకి పంపుతోందని గూగుల్ దాన్ని కొన్ని రోజులు జాబితా నుంచే తీసేసింది. 2011 ఫిబ్రవరిలో న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టిన అమెరికా దుకాణ సంస్థ జేసీ పెన్నీ ఉదంతం ఇంకా పెద్దది. దుస్తులు, దుప్పట్లు, తివాచీలు అని ఏది వెతికినా ఆ దుకాణమే నెలల తరబడి పైన వచ్చింది. కారణం, ఏ సంబంధమూ లేని వేలాది పేజీల్లో నాటిన లింకులు. సంగతి తనకు తెలియదన్న సంస్థ, తన ఎస్‌ఈఓ పనులు చూసే కంపెనీని తొలగించింది. ర్యాంకులు ఒక్కసారిగా పడిపోయాయి.

“అయితే ఏమైంది?” అంటుంది పూర్వపక్షం. “పండుగ అమ్మకాల కాలమంతా ఆ దుకాణం పైనే ఉంది కదా. ఉపాయం నెలలే పనిచేసినా లాభం లాభమే.”

సిద్ధాంతపక్షానికి ఇక్కడ భారతీయ తర్కమైన న్యాయశాస్త్రం సాయపడుతుంది. కొండ మీద పొగ కనిపిస్తే అక్కడ నిప్పుందని తెలుసుకోవడం అనుమాన ప్రమాణానికి, అంటే గుర్తును బట్టి కనిపించనిదాన్ని గ్రహించడానికి, పాత ఉదాహరణ. పొగ ఉన్నచోటల్లా నిప్పు ఉంటుందన్న వ్యాప్తి మీద అది నిలబడుతుంది. ఆవిరిని చూసి పొగ అనుకుంటే అనుమానం తప్పుతుంది. సెర్చ్ ఇంజన్ చేసేదీ అనుమానమే. లింకు పొగ, నాణ్యత నిప్పు. ఉపాయగాడు నిప్పు రాజేయకుండా ఆవిరి పుట్టిస్తాడు. లోకంలో పొగలన్నీ దాదాపు నిజమైనవే అయినంతవరకే వాడి ఆవిరికి విలువ. అంటే వాడు బతికేది నిజంగా నిప్పు రాజేసినవాళ్ల పుణ్యాన. అందరూ అదే పని మొదలుపెడితే వ్యాప్తి చెడుతుంది, చూసేవాడు పొగను నమ్మడం మానేస్తాడు. పేజీ యజమాని కీవర్డులు ప్రకటించే ట్యాగుకు జరిగింది అదే: ర్యాంకులకు దాన్ని లెక్కలోకి తీసుకోవడం లేదని 2009లో గూగుల్ ప్రకటించింది. బ్రిటిష్ ఆర్థికవేత్త చార్లెస్ గుడ్‌హార్ట్ 1975లో ద్రవ్య విధానం గురించి ఇలాంటి మాటే అన్నాడు. కొలమానాన్ని లక్ష్యంగా చేసుకుంటే అది కొలమానంగా పనికిరాదన్న రూపంలో అది తర్వాత ప్రచారంలోకి వచ్చింది.

కాబట్టి ఉపాయానికి ఆయువు తక్కువ కావడం యాదృచ్ఛికం కాదు. చెత్త చూపే ఇంజన్ వాడేవాళ్లను పోగొట్టుకుంటుంది గనుక ఉపాయాలను ఏరిపారేయడం దాని సొంత అవసరం. 2011లో గూగుల్ పాండా పేరుతో తెచ్చిన మార్పు పలచని రాతలను దెబ్బతీస్తే, కొనుక్కున్న లింకులను 2012లో పెంగ్విన్ అనే మార్పు దెబ్బతీసింది. గూగుల్ 2024 మార్చి నిబంధనలు, మనిషి రాసినా యంత్రం రాసినా, ర్యాంకుల కోసమే గుట్టలుగా పోసిన పేజీలన్నిటినీ ఒకే గాటన కట్టాయి.

పూర్వపక్షం వదలదు: “నాణ్యత అంటే ఏమిటి? ఎవరి రుచి వారిది. లింకులనైతే లెక్కపెట్టవచ్చు.”

దీనికి రుచి ప్రమేయం లేని ఉదాహరణ ఒకటి ఉంది. 2021-22లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ మిరప తోటల మీద త్రిప్స్ పార్విస్పైనస్ అనే కొత్త తామర పురుగు విరుచుకుపడింది. రైతులు దాన్ని నల్ల తామర పురుగు అన్నారు. ముందునుంచీ ఉన్న తామర పురుగు లేత ఆకుల్లో రసం పీల్చుతుంది, ఆకులు పైకి ముడుచుకుంటాయి. కొత్తది ఎక్కువగా పూలలో చేరుతుంది. పూత రాలుతుంది, కాయ నిలవదు. ఏ మందు పడితే ఆ మందు పదేపదే కొడితే ఉధృతి తగ్గకపోగా పెరగవచ్చు కూడా. నీలిరంగు జిగురు అట్టలు పెట్టమని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెప్పిందీ అందుకే. ఆ సమయంలో ఒక రైతు ఫోన్లో వెతికాడనుకుందాం. పాత పురుగు గురించి ఎప్పుడో రాసిన వ్యాసానికి శీర్షికలో ‘నల్ల’ అన్న మాట చేర్చి, దాన్ని పదిసార్లు తిప్పి రాసిన పేజీ మొదట వచ్చిందనుకుందాం. యంత్రం లెక్కలో ఆ పేజీకి వంక పెట్టడానికి లేదు. రైతు మాత్రం ఆకు ముడత కోసం చూస్తూ పూలను వదిలేస్తాడు. చదివినవాడికి పని జరిగిందా, మళ్లీ వెతుక్కోవాల్సి వచ్చిందా అన్నదే కొలత. సినిమా ఓటీటీ తేదీ శీర్షికలో పెట్టి, ఎనిమిది పేరాల తర్వాత ఇంకా ప్రకటించలేదని చెప్పే రాతలు కూడా ఈ కొలతకు నిలవవు. వాటి వల్ల పోయేది ఐదు నిమిషాలే, పంట కాదు.

పూర్వపక్షం చివరి అస్త్రం బలమైనది. “2023 సెప్టెంబరులో గూగుల్ మార్పు చేసినప్పుడు స్వయంగా ప్రయాణాలు చేసి, వస్తువులు వాడి చూసి రాసే చిన్న సైట్లు చాలా కూలిపోయాయని వాటి యజమానులు మొత్తుకున్నారు. 2024లో వెతుకులాట ఫలితాల పైనే కృత్రిమ మేధ ఇచ్చే సారాంశం వచ్చింది. దాని కింద మంచి పేజీని తెరిచేవారెవరు? నిప్పు రాజేసినవాడికి ఒరిగిందేమిటి?”

సిద్ధాంతపక్షం ఈ ఫిర్యాదును ఒప్పుకుంటుంది. నాణ్యత ఉంటే ర్యాంకు దానంతటదే వస్తుందని అది ఎన్నడూ అనలేదు, అంటే అబద్ధమవుతుంది. యంత్రం అనుమానం అటు చెత్తను నమ్మి తప్పుతుంది, ఇటు మంచిని శంకించి కూడా తప్పుతుంది. అయితే ఉపాయాలు ఈ నష్టాన్ని పూడ్చలేవు. సారాంశం రాసే యంత్రానికైనా ఎవరో ఒకరు తోటలోకి వెళ్లి పూలు విప్పి చూసి రాసింది కావాలి. కీవర్డులు తిప్పిన పేజీలో తీసుకోవడానికి ఏమీ ఉండదు. ఇక తీసుకున్నదానికి మూలం పేరు చెప్పాలా, డబ్బు చెల్లించాలా, ఎంత చెల్లించాలి అన్నది రాసేవారికీ ఇంజన్ కంపెనీలకూ మధ్య తేలాల్సిన తగాదా. అది కోర్టుల్లో, చట్టాల్లో, ఒప్పందాల్లో తేలాలి. కొన్ని దేశాల వార్తాసంస్థలు ఇప్పటికే కోర్టుకెక్కాయి.