కాయకమునకు ముదిమి లేదు



దేహమునకు ముదిమి కలదు గాని కాయకమునకు ముదిమి లేదు. తమిళనాట కోయంబత్తూరు జిల్లా తేక్కంపట్టి గ్రామమున నివసించిన పాప్పమ్మాళ్ జీవితమే దీనికి సాక్ష్యము. బాల్యముననే తల్లిదండ్రులను గోల్పోయి, అవ్వ పోషణలో పెరిగి, చిల్లర దుకాణము నడిపి, కూడబెట్టిన సొమ్ముతో ఆమె పొలము కొనిరి. నూరేండ్లు దాటిన పిదపను రెండున్నర యెకరములలో రసాయనపు టెరువులు లేకయే అరటి మున్నగునవి పండించిరి. 2021లో పద్మశ్రీ పురస్కారము వచ్చినది. 2024 సెప్టెంబరు 27న తనువు చాలించిరి. బిరుదు వచ్చి ఆ సేద్యమును పూజ చేయలేదు. అది మొదటినుండియు పూజయే.

పండ్రెండవ శతాబ్దమున బియ్యపు గింజలేరి బ్రదికిన దంపతులలో ఇల్లాలగు ఆయ్దక్కి లక్కమ్మను శరణులు వచనకారిణిగా గౌరవించిరి. మనమో? నాటువేసి, కలుపుతీసి, కోతకోయు ఇల్లాలిని ‘రైతు’ అని పిలువము. పెక్కిండ్లలో పట్టాపుస్తకమున ఆమె పేరు కానరాదు. ఆమె పండించిన అన్నమునే లింగమునకు నివేదించి, ఆమెను మరచినచో ఆ నైవేద్యము పూర్ణమగునా?

ఇంటనున్న ముసలితల్లి కాయలుగాచిన చేతులకు మొదట మ్రొక్కుడు. పిదప ఇష్టలింగమును కరస్థలమున నిలుపుడు.