అద్దంలో ముఖం, ఫొటోలో ముఖం
ఫొటోషూట్‌కు తన ముఖాన్ని తానే దిద్దుకునే మనిషి చిత్రకారుడూ చిత్రమూ కూడా. దృగ్దృశ్య వివేకమనే అద్వైత గ్రంథం ప్రకారం చూసేది వేరు, కనబడేది వేరు. ఆ లెక్కన అద్దంలోని ముఖం దృశ్యమే, దిద్దుకునే మనిషి కాదు. పైగా అద్దం కుడి ఎడమలను తారుమారు చేస్తుంది, కెమెరా చేయదు. అద్దంలో చక్కగా కుదిరిన కనుబొమ్మ ఫొటోలో వంకరగా తోచేది అందుకే. జింక్ ఆక్సైడ్ ఉన్న పౌడరైతే ఫ్లాష్ వెలుగులో తెల్లగా తేలిపోవచ్చు. మరి ఏ ముఖం నిజం? నాట్యశాస్త్రం రంగును మోసమనదు. ఆంగిక, వాచిక, సాత్త్వికాల సరసన వేషాలంకరణ అయిన ఆహార్యాన్నీ అభినయంగానే లెక్కిస్తుంది. కథకళి నటుడు తొలి రంగులు తానే వేసుకుని, ఆపైన చుట్టి అనే ముఖపు అంచు అలంకరణ కోసం మరొకరి ముందు పడుకుంటాడు. పాత్రకు ఈ సమర్థన చాలు. సొంత పేరుతో అచ్చయ్యే ఫొటోకు మాత్రం పూర్తిగా సరిపోదు; అక్కడ దిద్దుకున్న మనిషి తననే పాత్రగా ఎంచుకున్నాడనుకోవాలి.