గరిటెకు రుచి తెలియదా?

ఏళ్ళ తరబడి పెద్దల మధ్య తిరిగి కూడా నాలుగు మంచి ముక్కలు ఒంటబట్టించుకోని వాణ్ణి చూస్తే, "పులుసులో గరిటె! ఎంత మునిగితే ఏం, రుచి తెలుస్తుందా?" అనేస్తాం. ఈ పోలిక చాలా పాతది. బౌద్ధుల ధమ్మపదంలో పండితుడి పక్కన కూర్చున్న మూర్ఖుణ్ణి గరిటెతోనూ, తెలివైనవాణ్ణి నాలుకతోనూ పోల్చారు. పోలిక బాగానే ఉంది. కాని ఎప్పుడైనా గరిటె వైపు నుంచి ఆలోచించారా? పాపం, దాని పని రుచి చూడటం కాదే! ఇంకొకరి విస్తట్లోకి ఆ రుచిని చేర్చడం. తన పని తాను సక్రమంగా చేస్తున్నదాన్ని పట్టుకుని మూర్ఖురాలనడం న్యాయమేనా?

న్యాయాన్యాయాల మాట వచ్చింది గనక ధర్మపురి గుర్తుకొస్తోంది. జగిత్యాల జిల్లాలో గోదావరి ఒడ్డున ఉన్న ఈ నరసింహ క్షేత్రంలో యమధర్మరాజుకి కూడా గుడి ఉంది. "ధర్మపురికి వస్తే యమపురి ఉండదు" అని నానుడి. ఫాల్గుణ మాసంలో జాతరకి కోరుట్ల నుంచీ, సిరిసిల్ల నుంచీ వచ్చిన ఆడవాళ్ళు స్నానం, దర్శనం అయ్యాక ఎక్కడ ఆగుతారో వేరే చెప్పాలా? గాజుల కొట్టు ఒకటి, గిన్నెల కొట్టు రెండోది. ఆ వైపు గరిటెను గంటె అంటారు. ఇంట్లో అరడజను గంటెలున్నా ఇంకొకటి చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, బరువు చూసి, బేరమాడతారు. పక్కనున్న మగవారు "ఇంట్లో లేవా ఏమిటి?" అంటారు. ఉన్నాయి. కాని ఇలాంటిది లేదు. ఆ తేడా వాళ్ళకి ఎలా చెప్పడం?

నిజానికి వంటింటి చిన్న సామాన్లన్నీ ఒక్కొక్క చిక్కును విప్పడానికి పుట్టినవే. అట్టు పెనాన్ని వదలనంటే అట్లకాడ వచ్చింది. గారెలతో పాటు నూనె కూడా పైకి వస్తానంటే చిల్లుల గరిటె వచ్చింది. ఉంచుకోవలసింది ఏదో, వదిలెయ్యవలసింది ఏదో దానికి తెలిసినట్టు మనకి తెలిస్తే సగం తగాదాలు తగ్గిపోవూ! ఉడికిన పప్పును మెదపడానికి పప్పుగుత్తి, చల్ల చిలకడానికి కవ్వం, మండుతున్న గిన్నెను దింపడానికి పట్టకారు. వీటిని కనిపెట్టినవాళ్ళ పేర్లు ఏ చరిత్ర పుస్తకంలోనూ ఉండవు. ఏ అమ్మమ్మకో చెయ్యి కాలి ఉంటుంది, ఏ వడ్రంగో కమ్మరో ఆవిడ చెప్పింది విని ఉంటాడు.

"గరిటె ఉండగా చెయ్యి కాల్చుకున్నట్టు" అని సామెత. అసలు గరిటెలో గొప్పదనమంతా గుంటలో లేదు, కాడలో ఉంది. పులుసుకి దగ్గరగా ఉండాలి, చెయ్యి మాత్రం కాలకూడదు. కొయ్య తెడ్డు వేడిని తన దగ్గరే ఆపేస్తుంది. అల్యూమినియం గరిటె క్షణంలో చేతికి పాకించేస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీలు అల్యూమినియంలో సుమారు పదిహేనో వంతు వేడినే మోస్తుంది. అందుకే స్టీలు గరిటె కాడ త్వరగా చురుక్కుమనదు. ఇత్తడిది అందంగానే ఉంటుంది గాని చింతపండు పులుసు తగిలితే కిలం పడుతుంది. అందుకని వెనకటి రోజుల్లో కళాయి పోసేవాడు వీధిలోకి వస్తే ఇంట్లోని ఇత్తడంతా వాకిట్లోకి వచ్చేది. నిప్పుల మీద కాచి, నవసాగరం చల్లి, తగరం తాకించి, గుడ్డతో ఒక్క తుడుపు తుడిస్తే వెండిలా మెరిసేది!

వెండి అంటే గుర్తొచ్చింది. ధర్మపురి 2016 దాకా కరీంనగర్ జిల్లాలోనే ఉండేది. ఆ కరీంనగర్ వెండితీగ పనికి 2007లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సన్నని వెండి తీగని మెలిపెట్టి, చుట్టలు చుట్టి, అతికి, అత్తరుదానులూ పాన్‌దాన్‌లూ, చెంచాలు కూడా చేస్తారు. చూస్తుంటే కళ్ళు తిప్పుకోలేం. కాని ఆ చెంచాతో సాంబారు వడ్డిస్తారా? దాని చోటు అద్దాల బీరువా. దాన్ని తక్కువ చేసి అనడం లేదు. అందం కోసమే ఉన్న వస్తువు ఇంట్లో ఒక్కటైనా ఉండాలి. అయినా అమ్మమ్మ వాడి వాడి ఒక పక్క అరిగిపోయిన గరిటెలో ఉన్న అందం వేరు. ఆ అరుగుదల ఎన్ని వేల ముద్దల లెక్కో!

ఇక అసలు సంగతికి వస్తాను. యజ్ఞంలో నేతిని అగ్నికి అందించే స్రుక్కు, స్రువం కూడా కొయ్య గరిటెలే. వాటికి మంత్రాలున్నాయి. అన్నపూర్ణమ్మ చేతిలోనూ ఉన్నది గరిటే. వందేళ్ళ క్రితం కాశీ నుంచి కెనడాకి తరలిపోయిన ఒక అన్నపూర్ణ విగ్రహం 2021లో తిరిగి కాశీకి చేరింది. ఆ అమ్మవారికి ఒక చేత పాయసం గిన్నె, ఇంకో చేత గరిటె. ఇంతకంటే గౌరవం ఏం కావాలి అంటారా? అక్కడే నాకొక సందేహం. అన్నపూర్ణ వడ్డిస్తున్న పటాలు ఎన్నో చూశాం. ఆవిడ కూర్చుని భోంచేస్తున్న పటం ఎవరైనా చూశారా?

మనింట్లో కూడా అంతే కదూ! అందరికీ వడ్డించి, "ఇంకొంచెం వేసుకోండి" అని బలవంతం చేసి, చివరికి గిన్నె అడుగున గరిటెతో గీకితే వచ్చినదే మన వాటా. పైగా అది గొప్ప త్యాగమని ఊరంతా మెచ్చుకుంటారు. మనం కూడా ఆ మెచ్చుకోలుతోనే కడుపు నింపుకుంటాం. కాని మెప్పుతో రక్తం పట్టదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 57 మందికి పైగా రక్తహీనత ఉన్నట్టు తేలింది. దానికి కారణాలు చాలా ఉన్నాయి. అన్నీ గరిటె నెత్తిన రుద్దలేం. అయినా ఆఖరున తినడం, అడుగున మిగిలింది తినడం అన్న అలవాటుని ఆ జాబితాలోంచి కొట్టెయ్యగలమా?

"తినొద్దని మిమ్మల్నెవరన్నారు?" అని మగవారు అడుగుతారు. నిజమే, ఎవరూ అనలేదు. కూర్చోమని కూడా అనలేదు. మనం మాత్రం? పెరుగు ఎవరికి చాలలేదో, ఎవరికి ఏ ముక్క ఇష్టమో కళ్ళతోనే కనిపెడతాం. మన ఇష్టం ఏమిటని ఎవరైనా అడిగితే ఒక్క నిమిషం ఆలోచించుకోవలసి వస్తుంది. గరిటెకి రుచి తెలియదని నవ్వుతాం గాని, తెలియకపోవడం దానికి ధర్మం. అది లోహం. మనకి నాలుక ఉంది. పెట్టే చెయ్యి తినకూడదని ఏ ధర్మంలో ఉంది? ఆకలి దాచుకుని చేసిన వడ్డన యమధర్మరాజు లెక్కలో పుణ్యం కిందే జమవుతుందో, లేక "ఇంట్లో ఒక మనిషి పస్తు" అని ఇంటిల్లిపాదికీ ఖర్చు రాస్తాడో, ఎవరు చూశారు?

వడ్డన మానెయ్యమని నేను అనడం లేదు. మన చేత్తో ఒకరి ఆకలి తీరడంలో ఉన్న తృప్తి తక్కువదేమీ కాదు. పప్పులో ఒకటి, కూరలో ఒకటి, పులుసులో ఒకటి గరిటెలు వేసి, గిన్నెలు మధ్యలో పెట్టి, మనమూ ఒక పీట వేసుకుంటే సరి. మొదట రెండు రోజులు ఎవరికీ తోచదు. మూడో రోజుకి అబ్బాయి అందుకుంటాడు, నాలుగో రోజుకి ఆయన అందుకుంటారు.

గరిటెకి రుచి తెలియకపోతే పోయె. తనని పట్టుకున్నది ఎవరి చెయ్యో కూడా దానికి తెలియదు.