సాహసానికి మూల్యం ఎవరిది? స్కేట్‌బోర్డు ఛాయాచిత్రం, తిరుమల మెట్లు: ఒక నైతిక పరిశీలన

ప్రవేశిక

ఒక ఛాయాచిత్రాన్ని చూసి ‘ఇది సాహసం’ అన్నప్పుడు మనం వర్ణనతో పాటు ఒక తీర్పు కూడా ఇస్తున్నాం. సాహసం అనే మాటలో మెచ్చుకోలు ఇమిడి ఉంది. అదే పనిని ‘దుడుకుతనం’ అన్నామంటే తీర్పు తలకిందులవుతుంది. నగరంలోని మెట్ల వరుస మీదుగా స్కేట్‌బోర్డుతో గాలిలోకి లేచిన యువకుడి చిత్రం ఈ సందిగ్ధతకు మంచి ఉదాహరణ. పాశ్చాత్య సామాజిక సిద్ధాంతాలు గత కొన్ని దశాబ్దాలుగా ఇటువంటి చిత్రాలను ధిక్కారానికి ప్రతీకలుగా వ్యాఖ్యానించాయి. ధిక్కారమనే మాటకు మన సాహిత్య విమర్శలోనూ గౌరవస్థానం ఉంది. కనుక ఆ వ్యాఖ్యానాలు మనకు సులభంగా నచ్చుతాయి. అయితే ఒక చర్యను ధిక్కారంగా గుర్తించినంత మాత్రాన దాని నైతిక విలువ తేలిపోతుందా? ఆ ధిక్కారానికి మూల్యం ఎవరు చెల్లిస్తున్నారు? ఈ వ్యాసం పరిశీలించదలచిన ప్రశ్న ఇది. మెట్లకూ మానవ శరీరానికీ మధ్య శతాబ్దాల అనుబంధమున్న తిరుమలను ఇందుకు గీటురాయిగా తీసుకోవడం జరిగింది.

చిత్రం చూపేది, దాచేది

స్కేట్‌బోర్డు ఛాయాచిత్రం సాధారణంగా ఒక్క క్షణాన్నే పట్టుకుంటుంది. కాళ్లు నేలను విడిచాయి, ఇంకా నేలను తాకలేదు. ఆ తరువాత ఏమైందో చిత్రం చెప్పదు. ఛాయాచిత్రం ‘ఇది జరిగింది’ అని సాక్ష్యమిస్తుందని రోలా బార్త్ 1980లో ప్రతిపాదించాడు. ఇక్కడ ఆ సాక్ష్యం సగమే. ఈ లోపాన్ని స్కేట్‌బోర్డు సమాజం ఒక అలిఖిత నియమంతో పూరించుకుంది: పడిపోకుండా నేలకు దిగగలిగిన విన్యాసాన్నే విజయంగా లెక్కించాలి, అటువంటి చిత్రాన్నే పత్రికకు ఇవ్వాలి. చిత్రంలో కనిపించని క్షణం విషయంలో కూడా నిజాయతీ పాటించాలనే ఈ కట్టుబాటు గమనించదగినది.

అయినా చిత్రం కొన్నింటిని దాస్తూనే ఉంటుంది. ఫిష్‌ఐ లెన్సు మెట్లను ఉన్నదానికంటే నిటారుగా చూపుతుంది. అంతకుముందు విఫలమైన ప్రయత్నాలు, తరిమివేయడానికి వస్తున్న కాపలాదారు, పక్కకు తప్పుకొన్న బాటసారి చిత్రపు అంచుకు ఆవలే ఉండిపోతారు. సాహసికి ఆ చట్రం ఏకాంతాన్ని కల్పిస్తుంది. నైతిక ప్రశ్న మొదలయ్యేది ఈ కల్పిత ఏకాంతం వద్దనే.

సిద్ధాంతాలు ఇచ్చిన వెలుగు

స్థలం ముందుగానే ఉండే ఖాళీ పాత్ర కాదనీ, సామాజిక సంబంధాలే దానిని ఉత్పత్తి చేస్తాయనీ ఆంరీ లఫేవ్ర్ 1974లో వాదించాడు. మిషెల్ ద సెర్తో 1980లో వ్యూహానికీ యుక్తికీ తేడా చూపాడు. స్థలం మీద అధికారమున్నవారిది వ్యూహం. అధికారం లేకుండానే ఆ స్థలాన్ని తమకు అనువుగా వాడుకొనేవారిది యుక్తి. వాస్తు చరిత్రకారుడు ఇయన్ బోర్డెన్ 2001లో స్కేట్‌బోర్డింగ్‌పై వెలువరించిన గ్రంథంలో లఫేవ్ర్ దృష్టిని ఈ క్రీడకు అన్వయించాడు. ఈ దృష్టితో చూస్తే మెట్లు ఎక్కిదిగడానికీ, రెయిలింగ్ పట్టుకోవడానికీ అన్న నిర్ణయం భవన యజమానిది. దాని మీద జారిపోయే క్రీడాకారుడు అదే వస్తువుకు మరో అర్థం కల్పిస్తున్నాడు. సమాజశాస్త్రజ్ఞుడు స్టీఫెన్ లింగ్ 1990లో మరో కోణం చేర్చాడు. అదుపుకూ అదుపు తప్పడానికీ నడుమనున్న అంచున నిలబడే పనిని మనిషి ఎందుకు కోరి ఎంచుకుంటాడన్నది ఆయన ప్రశ్న. దైనందిన జీవితంలో తన చేతిలో లేని అదుపును అక్కడ తన నైపుణ్యంతో అనుభవించగలగడమే కారణమని ఆయన సమాధానం.

ఈ వ్యాఖ్యానాలు విలువైనవే. కాని వీటన్నిటిలోనూ అపాయం కోరి ఎంచుకున్నది. కోరకుండా మీదపడే అపాయం గురించి ఇవి పెద్దగా మాట్లాడవు.

లవ్ పార్కు: 2002

ఫిలడెల్ఫియా నగరంలోని లవ్ పార్కు చరిత్ర ఈ చర్చకు ఉపకరిస్తుంది. నగర ప్రణాళికావేత్త ఎడ్మండ్ బేకన్ 1932లో కార్నెల్ విశ్వవిద్యాలయ విద్యార్థిగా చేసిన ఊహ ఆ చౌకుకు మూలం. అది 1965లో రూపుదాల్చింది. 1976లో రాబర్ట్ ఇండియానా రూపొందించిన ‘లవ్’ శిల్పాన్ని అక్కడ నిలిపాక ఆ పేరు వచ్చింది. దాని గ్రానైట్ అరుగులూ మెట్లూ స్కేట్‌బోర్డు క్రీడాకారులకు ప్రపంచ ప్రసిద్ధ స్థలమయ్యాయి. 2001, 2002 సంవత్సరాల్లో ఎక్స్ గేమ్స్ పోటీలకు ఆతిథ్యమిచ్చి ఆ కీర్తిని వాడుకున్న నగరమే 2002లో పార్కును మార్పుచేసి స్కేట్‌బోర్డు నిషేధాన్ని కఠినంగా అమలుచేసింది.

2002 అక్టోబరు 28న, తొంభై రెండేళ్ల వయసులో, బేకన్ తలకు హెల్మెట్ పెట్టుకొని, ఇరుపక్కలా చేతులు పట్టుకొన్నవారి ఆసరాతో ఆ పార్కులో స్కేట్‌బోర్డు ఎక్కాడు. అది నిషేధానికి బహిరంగ నిరసన. ఆ ఛాయాచిత్రంలో గాలిలోకి లేచిన శరీరం లేదు, విన్యాసం అసలే లేదు. అయినా స్కేట్‌బోర్డు చిత్రాల్లో అత్యంత సాహసోపేతమైనవాటిలో ఒకటిగా దానిని పేర్కొనవచ్చు. కారణం స్పష్టం. స్థలాన్ని ఊహించినవాడే అధికార వ్యూహాన్ని వదలి యుక్తి పక్షాన నిలిచాడు. పడితే విరిగేది తన ఎముక, పోయేది తన పరువు. ప్రయోజనం మాత్రం తనది కాదు. అక్కడ ఆడుకొనే యువకులది. పైగా ఇతరుల చేతి ఆసరా ఆ చిత్రంలో దాగలేదు. సాహసి ఏకాకి అనే భ్రమను ఆ చిత్రం స్వయంగా తొలగించింది.

తిరుమల మెట్లు

ఇప్పుడు మన మెట్ల వైపు రావాలి. అలిపిరి నుంచి తిరుమలకు సుమారు 3,550 మెట్లు. 1944లో మొదటి ఘాట్ రోడ్డు వచ్చేవరకు కొండకు కాలినడకా డోలీయే ఆధారాలు. రెండవ ఘాట్ రోడ్డు 1974లో వచ్చింది. వాహనమార్గం సుగమమైన తరువాత కూడా వేలాదిమంది మెట్లదారినే ఎంచుకుంటున్నారంటే మెట్టు అక్కడ ప్రయాణ సాధనంగా మాత్రమే మిగలలేదని అర్థం. కొందరు ప్రతి మెట్టుకూ పసుపు, కుంకుమ పెడతారు. కొందరు మోకాళ్ల పర్వతం వద్ద మోకాళ్లతో ఎక్కుతారు. అంటే, ఎక్కడానికి వీలుగా కట్టిన వస్తువును భక్తుడు కావాలని కష్టసాధ్యం చేసుకుంటున్నాడు. సౌలభ్యాన్ని నిరాకరించి మెట్టుకు శరీరంతో కొత్త అర్థమిచ్చే పనిని ద సెర్తో పరిభాష చక్కగానే వివరించగలదు.

పోలిక ఇంతవరకే. తాళ్లపాక చిన్నన్న రచించిన ‘అన్నమాచార్య చరిత్ర’లో బాలుడైన అన్నమయ్య ఇదే చోట అలసి సొమ్మసిల్లగా, అలమేలుమంగ పాదరక్షలు విడిచి ఎక్కమని బోధించిన కథ ఉంది. రాతికీ పాదానికీ మధ్య ఏదీ ఉండరాదన్నది ఆ కథ నీతి. స్కేట్‌బోర్డు ఆ రెంటి మధ్య ఒక చెక్కను నిలిపి, రాతిని జయించదలుస్తుంది. అంతకంటే ముఖ్యమైన భేదం సాక్షి విషయంలో ఉంది. మొక్కుబడికి సాక్షి దైవం. ఛాయాచిత్రం లేకపోయినా మొక్కు చెల్లుతుంది. శ్రీవారి ఆలయం లోపలికి కెమెరాకు ప్రవేశమే లేదు. స్కేట్‌బోర్డు విన్యాసానికి కెమెరా సాక్ష్యం దాదాపు అనివార్యం. నేడు ఆలయ పరిసరాల్లో రీల్స్ తీసే ధోరణి, దానిపై దేవస్థానం హెచ్చరికలు ఈ రెండు సాక్ష్యాల మధ్య ఘర్షణగా అర్థం చేసుకోదగినవి. కెమెరా కోసమే చేసిన సాహసం ఘాట్ రోడ్డు మలుపులో జరిగితే, ఎదురుగా వచ్చే బస్సులోని యాత్రికుడు తాను ఒప్పుకోని పందెంలో భాగస్వామి అవుతాడు.

ఎంచుకున్న అపాయం, మీదపడిన అపాయం

ఆధునిక సమాజంలో సంపద పంపిణీతో పాటు అపాయాల పంపిణీ కూడా ప్రధాన సమస్య అవుతుందని ఉల్రిఖ్ బెక్ 1986లో వివరించాడు. తిరుపతి ఇటీవలి చరిత్ర ఈ మాటను కఠినంగా ధ్రువపరుస్తుంది. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఆరేళ్ల బాలిక చిరుతపులి దాడిలో మరణించింది. 2025 జనవరి 8న వైకుంఠద్వార దర్శన టోకెన్ల కోసం తిరుపతిలో వేచి ఉన్నవారి తొక్కిసలాటలో ఆరుగురు ప్రాణాలు కోల్పోయారు. వారెవరూ అంచున నిలబడాలని కోరుకోలేదు; వరుసలో నిలబడాలని మాత్రమే కోరుకున్నారు. అటువంటివారి అపాయాన్ని ‘సాహసం’ అని ఎవరూ అనరు. ప్రాణాపాయం అక్కడా ఉంది, కాని ఎంపిక లేదు. అపాయాన్ని ఎంచుకోగలగడం కూడా ఒక సామాజిక సౌకర్యమేనన్న సత్యం ఇందువల్ల బయటపడుతుంది.

ఈ వెలుగులో మనకు పొరుగునున్న మహాబలిపురం ఉదాహరణను చూడాలి. మత్స్యకార కుటుంబానికి చెందిన ఒక బాలిక గౌనులో, ఉత్తికాళ్లతో స్కేట్‌బోర్డు మీద సాగుతున్న ఛాయాచిత్రాన్ని ప్రఖ్యాత క్రీడాకారుడు టోనీ హాక్ పంచుకున్నాడు. ఆమె, ఆమె తల్లి జీవితం ఆధారంగా తీసిన ‘కమలి’ లఘుచిత్రం 2020 బాఫ్టా పురస్కారాలకు నామినేషన్ పొందింది. ఆ విభాగంలో పురస్కారం పొందినది కాబూల్ బాలికల స్కేట్‌బోర్డు శిక్షణపై తీసిన చిత్రం. ఆడపిల్ల సైకిలు తొక్కడాన్ని తప్పుపట్టే సమాజంలో, స్కేట్‌బోర్డు కొత్త వస్తువు కావడం వల్ల దానిపై అప్పటికి ఆంక్ష పుట్టలేదు. ఆ సందు వారికి దారి అయింది. ఈ బాలికల చిత్రాల్లో విన్యాసం చిన్నది. అపాయం మాత్రం పెద్దది. మోకాలి గాయం వారం రోజుల్లో మానుతుంది. ‘నలుగురూ ఏమంటారో’ అన్న భయాన్ని కుటుంబం ఏళ్లతరబడి మోయాలి.

ఇక్కడ ఒక ఆక్షేపణకు అవకాశముంది. భద్రత పేరుతోనే కదా అధికారం యువతను బహిరంగ స్థలాల నుంచి వెళ్లగొడుతున్నది? ఇతరుల అపాయాన్ని లెక్కించమనడం ఆ అధికారానికే బలం చేకూర్చదా? ఈ ఆక్షేపణ తోసివేయదగినది కాదు. అరుగుల అంచున ఇనుప గుబ్బలు బిగించి స్కేట్‌బోర్డులను అడ్డుకొనే నగరాలు పౌరుల భద్రత కంటే రాతి నునుపునే ఎక్కువగా కాపాడుతున్నాయి. అందుచేత ప్రశ్న అపాయం ఉందా లేదా అన్నది కారాదు. అపాయం ఎవరిది, దానికి వారి సమ్మతి ఉందా, దానివల్ల దారి ఎవరికి తెరచుకుంటుంది అన్న మూడు ప్రశ్నలూ కలిపి అడగాలి. ఇవే ప్రశ్నలు అధికారానికీ వర్తిస్తాయి. చౌకులో యువకుణ్ణి ఆపే శ్రద్ధ, వరుసలో నిలబడిన యాత్రికుడి పట్ల కూడా ఉండాలని అడిగే హక్కు వీటివల్లనే మనకు లభిస్తుంది.

ఉపసంహారం

లఫేవ్ర్, ద సెర్తో, లింగ్ వంటివారి సిద్ధాంతాలు స్కేట్‌బోర్డు ఛాయాచిత్రం ఏమి చేస్తున్నదో వివరిస్తాయి. అది మంచిదా కాదా అన్నది నిర్ణయించే భారం వ్యాఖ్యాతదే. పై మూడు ప్రశ్నలతో చూసినప్పుడు, బేకన్ చిత్రమూ మహాబలిపురం బాలిక చిత్రమూ సాహసమనే మాటకు అర్హమవుతాయి. ఘాట్ రోడ్డు మలుపులో పరులను పందెం ఒడ్డి తీసిన చిత్రం, విన్యాసం ఎంత గొప్పదైనా, ఆ మాటకు తగదు. ధిక్కారాన్ని ప్రేమించే విమర్శ, చట్రానికి ఆవల నిలబడి ఆ ధిక్కారపు దెబ్బ తినేవారిని కూడా తన పరిధిలోకి తెచ్చుకోవలసి ఉంది. కథకైనా, కవితకైనా, ఛాయాచిత్రానికైనా మనం ‘సాహసోపేతం’ అన్న విశేషణాన్ని వాడేటప్పుడు ఈ బాధ్యత వర్తిస్తుంది.