నిద్ర యెవరి సొత్తు?

మానవుడు తిను అన్నమును గూర్చి, కట్టు బట్టను గూర్చి, ఆర్జించు ధనమును గూర్చి నీతివేత్తలు విస్తారముగా చర్చించిరి. ఆయుర్దాయమున ఇంచుమించు మూడవ వంతును ఆక్రమించు నిద్రను గూర్చి మాత్రము వారిలో పలువురు రెండు మాటలు చెప్పి ఊరకుండిరి. ఆ రెండును తరచుగా నిందావాక్యములే. నిద్ర తమోగుణమనియు, మేలుకొన్నవాడే కార్యసాధకుడనియు చెప్పుట పరిపాటియైనది. దినమునకు 8 గంటలు నిద్రించువాడు 60 ఏండ్లు జీవించినచో 20 ఏండ్లు నిద్రలోనే గడపినవాడగును. ఈ 20 ఏండ్లును వ్యర్థమైనట్లేనా? కాయకమునకు పెద్దపీట వేయు సమాజమున ఈ ప్రశ్న మరింత సూటిగా తగులును. పనియే పూజయైనప్పుడు, పని లేని ఆ గంటలను ఏమని పిలువవలెను?

దీనికి తోడు మరియొక ప్రశ్న కలదు. నిద్ర ఎవరి సొత్తు? ఎవరి నిద్ర వారిదే కనుక దానిని చెడగొట్టుకొను స్వేచ్ఛయు వారిదేనా? పరుల నిద్రను చెరచు అధికారము ఎవరికైన ఉన్నదా? నిద్రను కేవలము ఆరోగ్యవిషయముగా తలంచువారికి ఈ ప్రశ్నలు తోచవు. కాని ఇవి ధర్మవిషయములు.

ప్రాచీనులు నిద్రను నిందించిరనుట పూర్తిగా నిజము కాదు. చరకసంహిత శరీరమను ఇంటిని నిలుపు మూడు ఉపస్తంభములలో ఆహారము, బ్రహ్మచర్యములతో పాటు నిద్రను కూడ చేర్చినది. గ్రీష్మఋతువునందును, వృద్ధులకును, బాలురకును, శ్రమచే అలసినవారికిని పగటినిద్రను సైతము అనుమతించినది. అష్టాంగహృదయము బ్రాహ్మీముహూర్తమున లెమ్మని విధించునపుడు ఆ విధిని స్వస్థునకే చెప్పినది. వేకువనే లేవవలెననువాడు రాత్రి వేళకు పరుండవలెననుట అందులోనే ఇమిడియున్నది. నేడు మొదటి సగమును మాత్రము పట్టుకొని, నడిరేయి వరకు మేల్కొని, నాలుగు గంటలకే లేచి, దానిని నియమమని చెప్పుకొనువారు కలరు. అది నియమము కాదు, సగము నియమము. భగవద్గీత ఆరవ అధ్యాయము అతినిద్రను, అతిజాగరణమును ఒక్క త్రాసులో పెట్టి, రెండింటిని యోగమునకు అడ్డంకులుగానే లెక్కించినది.

ఈ సందర్భమున భారతకథలో ఒక ఘట్టము స్మరింపదగినది. అర్జునునకు గుడాకేశుడని బిరుదు. నిద్రను జయించినవాడని దానికి పెద్దలు చెప్పు అర్థము. ద్రోణపర్వమున సైంధవవధ జరిగిన నాటి రాత్రి యుద్ధము ఆగలేదు. దివిటీల వెలుగున పోరాడుచు ఇరుపక్షముల సైనికులును నిద్రచే కన్నుగానక, తమవారెవరో పగవారెవరో తెలియని స్థితికి వచ్చిరి. అప్పుడు యుద్ధమాపి, చంద్రోదయమగువరకు ఉన్నచోటనే నిద్రింపుడని ఎలుగెత్తి పలికినవాడు ఆ గుడాకేశుడే. కౌరవసేనయు దానికి సమ్మతించి అతనిని కొనియాడినది. ఏనుగుల మీదను, గుఱ్ఱముల మీదను, రథముల మీదను, నేలమీదను అందరును ఒరిగి నిద్రించిరి. తన నిద్రను జయించినవాడు పరుల నిద్రను తృణీకరింపలేదు. ఆ శక్తి తనకున్నదని అందరికిని ఉండవలెననలేదు.

దీనికి ఎదురుగా సౌప్తికపర్వము కలదు. ఆ రాత్రి కృపాచార్యుడు అశ్వత్థామకు చెప్పిన హితము, ముందు నిద్రించి తెల్లవారిన పిమ్మట కర్తవ్యమును ఆలోచింపుమనియే. కోపశోకములచే అశ్వత్థామకు నిద్రపట్టలేదు. తాను నిద్రింపలేనివాడు నిద్రించుచున్న శిబిరముపై బడెను. నిద్రపట్టని మనస్సుతో చేయు నిర్ణయమునకును, నిద్రించి లేచిన మనస్సుతో చేయు నిర్ణయమునకును గల అంతరమును ఇంతకన్న ఘోరముగా చూపు కథ అరుదు. ఒకరు అర్ధరాత్రి వ్రాసిన కోపపు ఉత్తరము, వేరొకరు నిద్రలేమితో బిడ్డపై వేసిన దెబ్బ చిన్నవే కావచ్చును. వాని పుట్టుక మాత్రము ఇట్టిదే.

ఆధునికశాస్త్రము ఈ అనుభవమునకు కారణములను చూపినది. మేల్కొనియున్న కొలది మెదడునందు అడినోసిన్ అను పదార్థము పేరుకొని నిద్రాభారమును పెంచును; నిద్రలో అది తగ్గును. కాఫీ, తేనీరులందలి కెఫీన్ ఆ పదార్థము తన పనిని చేయకుండ అడ్డుకొనునే గాని దానిని తొలగింపదు. ఋణదాత వచ్చి పిలిచినపుడు తలుపు మూసికొన్నంత మాత్రమున అప్పు తీరనట్లే, కాఫీచే నిద్ర తీరదు. దీనికి తోడు దేహమున ఇంచుమించు 24 గంటల గడియారమొకటి కలదు. ఆ గడియారము కణములలో ఎట్లు నడచునో కనుగొన్న హాల్, రాస్‌బాష్, యంగ్ అను మువ్వురు శాస్త్రజ్ఞులకు 2017లో నోబెల్ బహుమానము లభించినది. వెలుతురు ఈ గడియారమును సరిదిద్దును. చీకటి పడిన పిమ్మట ఊరు మెలటోనిన్ అను రసము, కంటిపై బడు తీవ్రమైన వెలుగుచే తగ్గిపోవును.

వయస్కులకు రాత్రికి కనీసము 7 గంటల నిద్ర అవసరమని అమెరికాలోని నిద్రావైద్యసంఘములు 2015లో నిర్ణయించినవి. 13 మొదలు 18 ఏండ్ల వారికి 8 నుండి 10 గంటలు కావలెనని ఆ మరుసటి సంవత్సరము చెప్పబడినది. ఆస్ట్రేలియాకు చెందిన డాసన్, రీడ్ అను పరిశోధకులు 1997లో ప్రకటించిన ఫలితము మరింత ఆలోచింపదగినది. వరుసగా 17 గంటలు మేల్కొన్నవాని నేర్పు, 100 మిల్లీలీటర్ల రక్తమున 50 మిల్లీగ్రాముల మద్యమున్నవాని నేర్పుతో సమానముగా క్షీణించునని వారు కనుగొనిరి. భారతదేశపు మోటారువాహనచట్టము 30 మిల్లీగ్రాములు దాటినవానిని శిక్షార్హునిగా ఎంచును. మద్యమును ముట్టని శీలవంతుడొకడు తెల్లవారుజామున లేచి, పెండ్లిపనులన్నియు ముగించి, అర్ధరాత్రి కారు నడుపుచు బంధువులను ఊరికి చేర్చునపుడు, తాగినవాని కంటె తాను మేలని తలంచును. రహదారికి ఆ భేదము తెలియదు.

కావున "నా నిద్ర, నా నష్టము" అను వాదము నిలువదు. నిద్రలేమి ఫలము ఒక్కనితో ఆగదు. తెలుగు స్త్రీలు పాడుకొను ఊర్మిళాదేవి నిద్ర కథలో ఈ సత్యము మరియొక రూపమున కానవచ్చును. లక్ష్మణుడు పదునాలుగేండ్లు మేల్కొనియుండగా, ఊర్మిళ ఆ కాలమంతయు నిద్రలో గడపెను. ఒకరు విడిచిన నిద్రకు ఎవరో ఒకరు మూల్యము చెల్లింపక తప్పదని ఆ పాటను కట్టిన తల్లులు ఎరుగుదురు. వారి ఇండ్లలో అందరికంటె ముందు లేచునది, అందరికంటె వెనుక పరుండునది వారే కదా!

ఇచట ప్రశ్న మరింత కఠినమగును. నిద్రించుమని ఉపదేశించుట సులభము. నిద్ర తన చేతిలో లేనివాని మాట ఏమి? విద్యుత్తు కొరత గల దినములలో తెలుగునాట సేద్యపు మోటార్లకు విద్యుత్తు తరచుగా రాత్రివేళ వచ్చెడిది. రైతు చేతిదీపముతో పొలమునకు పోయి, పాములను, తడి తీగలను దాటి మీట నొక్కవలసి వచ్చెను. తెలంగాణమున 2018 జనవరి 1వ తేదీ నుండి సేద్యమునకు 24 గంటల విద్యుత్తు ఆరంభమైనపుడు, దానిని నీటి లెక్కతోను ధాన్యపు లెక్కతోను కొలిచిరి. రైతునకు తిరిగివచ్చిన రాత్రి నిద్రను లెక్కలో చేర్చినవారు తక్కువ. సింగరేణి గనులలోను, విశాఖ ఉక్కు కర్మాగారమునను, ఆసుపత్రులలోను రాత్రి పాళీ చేయువారు పగలు నిద్రింపవలెను. పగటి వెలుగు, వీధి సందడి, ఇంటి పిలుపులు వారి నిద్రను కొల్లగొట్టును. రాత్రి పాళీ పనిని మానవులకు బహుశా క్యాన్సరు కలిగించువాని జాబితాలో ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన పరిశోధనాసంస్థ 2007లో చేర్చి, 2019లో మరల ధ్రువపరచినది. అట్టివాడు పగలు పరుండినపుడు "ఇంత ప్రొద్దెక్కినను లేవడేమి" అని ఎగతాళి చేయుట అజ్ఞానము మాత్రమే కాదు, అన్యాయము కూడ.

పరీక్షల పేరిట పిల్లల నిద్రను కోయు వసతిగృహముల సంగతియు ఇట్టిదే. పగలు చదివినది మనస్సున కుదురుకొనుటకు నిద్ర తోడ్పడును. నిద్రను కోసి చదువును పెంచుట, వేరును కోసి కొమ్మకు నీరు పోయుటయే.

ఇక దేవుని పేరిట జరుగు నిద్రాభంగమును గూర్చి దాపరికము లేక చెప్పవలసియున్నది. శబ్దకాలుష్యనియంత్రణకై 2000 సంవత్సరమున వెలువడిన కేంద్రనిబంధనలు రాత్రి 10 గంటల నుండి ఉదయము 6 గంటల వరకు ఆరుబయట లౌడుస్పీకర్లను నిషేధించినవి. పండుగలకై ఏడాదికి 15 దినములకు మించకుండ అర్ధరాత్రి వరకు సడలింపు నిచ్చు అధికారము తరువాత రాష్ట్రప్రభుత్వములకు కలిగినది. 2011 జూన్‌లో ఢిల్లీలోని రాంలీలా మైదానమున నిద్రించుచున్న జనసమూహమును పోలీసులు అర్ధరాత్రి చెదరగొట్టిన ఉదంతముపై, సుప్రీంకోర్టు 2012 ఫిబ్రవరిలో తీర్పు చెప్పుచు, నిద్రను జీవించు హక్కులో భాగముగా గుర్తించినది. చట్టము ఇంత స్పష్టముగ నుండగా గుడి మైకు తెల్లవారుజామున నాలుగు గంటలకే మ్రోగుట ఏ భక్తికి గుర్తు?

శివరాత్రి జాగరణము వ్రతము కాదా యని కొందరు అడుగవచ్చును. ఔను, వ్రతమే. అది ఏడాదికొక రాత్రి, తన ఇష్టముతో, తన నిద్రను తాను అర్పించుట. అర్పణము తన సొత్తుతోనే చేయవలెను. ప్రక్కయింటి రోగి నిద్రను, పసిబిడ్డ నిద్రను, తెల్లవారి బస్సు నడుపవలసినవాని నిద్రను తెచ్చి శివునకు అర్పించుట దాసోహమగునా? పరధనమును హరించి అన్నదానము చేయుటకును దీనికిని భేదమేమి?

ఇట్లు విచారింపగా నిద్ర తన సొత్తును అగును, తన చేతనుంచబడిన పరుల సొత్తును అగును. కనుక దానిని కాపాడుకొనుట విలాసము కాదు, గృహస్థునకు కర్తవ్యము. మార్గము కష్టమైనది కాదు. నిత్యము ఒకే వేళకు మేల్కొనవలెను. పరుండు వేళ కంటె లేచు వేళ నియమమే దేహపు గడియారమును ఎక్కువగా కుదుర్చును. లేచిన పిమ్మట కొంతసేపు ఎండ వెలుగున మెలగవలెను. సాయంకాలము 5 గంటలకు త్రాగిన కాఫీలోని కెఫీన్‌లో సగము పలువురి శరీరములలో రాత్రి 10 గంటలకును నిలిచియుండును గనుక మధ్యాహ్నము దాటిన పిమ్మట దానిని మానుట మేలు. పగటి కునుకు అరగంటకు మించరాదు. రాత్రి భోజనము పరుండుటకు రెండు గంటల ముందే ముగియవలెను. సెల్‌ఫోనును పడకగదికి బయట ఉంచుట నేటి నియమములలో మొదటిది. దాని వెలుగు కంటె అందలి వార్తలు, వాదములు, పోలికలు మనస్సును ఎక్కువగా మేల్కొలుపును.

నియమములన్నియు పాటించినను నిద్రపట్టనివారు తమను తాము నిందించుకొనరాదు. నిద్ర, బలవంతము చేసిన కొలది తొలగును. ఇరువది నిముషములు గడచినను నిద్ర రానిచో లేచి, మందమైన వెలుగున ప్రశాంతముగ కూర్చుండి, కన్ను మూతబడునపుడు మరల పడక చేరవలెను. ఆలోచనలను, అలవాట్లను సరిదిద్దు చికిత్సయే దీర్ఘకాలపు నిద్రలేమికి మొదటి చికిత్సగా ఉండవలెనని అమెరికా వైద్యకళాశాల యను వైద్యసంఘము 2016లో సూచించినది. నిద్రమాత్రలను తమంతట తాము వాడుట తగదు. గురకల నడుమ ఊపిరి ఆగి ఆగి వచ్చువారు, రాత్రియంతయు పరుండియు పగలు తూలువారు వైద్యుని చూడవలెను.

చివరిది ఇంటి నియమము. ఇంటిలో చివర పరుండునది ఎవరు, ముందుగా లేచునది ఎవరు అని ప్రతి గృహమును ఒకసారి లెక్క చూచుకొనవలెను. ఆ రెండును ఒక్కరే యైనచో, రాత్రి పాత్రలు కడుగుటయో, ఉదయము పొయ్యి వెలిగించుటయో తక్కినవారు పంచుకొనవలెను. పనిని పంచుకొనక నిద్రింపుమనుట వట్టిమాట. రాత్రి పాళీ చేసి వచ్చినవాడు పరుండినపుడు తలుపు మెల్లగా వేయుట, వృద్ధులు కునుకు తీయునపుడు టెలివిజన్ ధ్వనిని తగ్గించుట, పరీక్ష ముందురాత్రి బిడ్డ పుస్తకమును మూసి దుప్పటి కప్పుట: ఇవి చిన్నపనులు. అర్జునుడు ఆ రాత్రి శత్రువులకు సైతము నిరాకరింపని దానిని, తనవారికి ఇచ్చుటకు గృహస్థుడు వెనుదీయరాదు.