గట్టి నేలపై పెరిగినవాడు

మన ఎముకల మూలుగలో మూలకణములు కలవు. అవి ఏమిగా మారవలెనో వాటి క్రింది నేల మెత్తదనము కొంతవరకు నిర్ణయించును. అమెరికాలోని కొలరాడోలో క్రిస్టీ ఆన్సెత్ బృందము వాటిని కాంతి సోకగానే మెత్తబడు జెల్లుపై పెంచి, 2014లో ఫలితము ప్రచురించెను. గట్టిదనమున కొద్ది దినములే ఉన్నవి తిరిగి మారెను. 10 దినములున్నవి, నేల మెత్తబడినను, ఎముకవైపు మొగ్గును విడువలేదు.

మనుష్యుడు కణము కాడు, మారుమనస్సు పొందగలడు. అయినను దెబ్బల మధ్య పెరిగినవాడు ఒక్క ప్రసంగమునకు కరగనియెడల, హృదయమును కఠినపరచుకొనెనని సంఘము తీర్పు తీర్చుట న్యాయమా? రాతిగుండెను తీసివేయుదునని దేవుడు సెలవిచ్చెను (యెహెజ్కేలు 36:26), ఎన్నాళ్లకో చెప్పలేదు. మరి అట్టివానిని ప్రభువు బల్లకు దూరము చేయుటకు ముందు మన పెద్దలు ఎన్ని దినములు ఆగుచున్నారు?